లేక్ జెనీవాలో పిల్లి అడుగులు

షికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి లేక్ జెనీవా అంటే వేసవిలో పడవ షికారు, ఒడ్డున కోటీశ్వరుల బంగళాల ముందు ఫొటోలు, తిరిగొచ్చేటప్పుడు ఐస్‌క్రీము. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించే చోట్లలో అరోరా వెంకటేశ్వరస్వామి గుడి తర్వాత వరసలో ఉండేది అదే. మేం మాత్రం మార్చి నెలాఖరున, చెట్టు మీద ఆకన్నది లేని రోజుల్లో, ఒక ఆట కోసం వెళ్లాం. మా అక్క కొడుకు ఇక్కడే ఎమ్మెస్ చేస్తున్నాడు. కారు వాడిది, పులిహోర నాది.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ముట్టుకోనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ని పాతకాలం వాళ్లు రిఫరీ అంటారు, మావాడి తరం డీఎం అంటుంది. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. నువ్వెక్కడున్నావో ఆయన చెబుతాడు, ఏం చేస్తావో నువ్వు చెబుతావు, అనుమానం ఉన్నచోట పాచిక తేలుస్తుంది. మన శక్తులన్నీ క్యారెక్టర్ షీట్ అనే కాగితం మీద అంకెలుగా ఉంటాయి. కత్తి తిప్పే ఫైటర్, మంత్రాలు వేసేవాడు, వైద్యం చేసే క్లెరిక్, వీళ్లతోపాటు చప్పుడు చేయకుండా నడిచి, నీడలో దాక్కుని, తాళాలు తీసే థీఫ్. ఇప్పటి పుస్తకాల్లో వాడి పేరు రోగ్. వాడి ప్రధాన విద్య స్టెల్త్. అది అసలు దేనికైనా పనికొస్తుందా అన్నది దారి పొడుగునా మా ఇద్దరి గొడవ.

అరోరా నుంచి 47వ నంబరు రోడ్డు ఎక్కితే ఉత్తరానికి నిటారుగా తీసుకుపోతుంది. హంట్లీ దాటాక ఊళ్లు పలచబడి, కోసేసిన మొక్కజొన్న చేలల్లో మోళ్లు మొదలవుతాయి.

"మావయ్యా, రేపు నువ్వు మళ్లీ థీఫ్‌నే తీసుకుంటావా?" అన్నాడు.

"తీసుకుంటా. ఏం?"

"వేస్టు. స్టెల్త్ అనేది షీట్ మీద చూసుకోడానికి బావుంటుందంతే. లెక్క చెప్తా విను. అయిదుగురం కోటలోకి దూరుతున్నాం. ఒక్కొక్కడికి పట్టుబడకుండా ఉండే అవకాశం 60 శాతం అనుకో. ఒక్కడు దొరికినా అందరం దొరికినట్టే. అయిదుగురూ గట్టెక్కే అవకాశం ఎంత?"

"నువ్వే చెప్పు."

"ఎనిమిది శాతం కూడా లేదు. పోనీ నిన్నొక్కణ్ణే పంపిద్దాం. నీకు 80 శాతం ఇద్దాం. గేటు దగ్గర ఒకసారి వెయ్, వరండాలో ఒకసారి వెయ్, గదిలో ఒకసారి వెయ్. మూడోదానికొచ్చేసరికి సగానికి సగం. ఎప్పుడో ఒకప్పుడు దొరక్క తప్పదు. అప్పుడు నువ్వొక్కడివే శత్రువుల మధ్య ఉంటావు, మేం వంద అడుగుల దూరంలో ఉంటాం. దానికంటే తలుపు తన్నుకుని అందరం ఒకేసారి లోపలికెళ్లడం నయం కదా!"

లెక్క తప్పేమీ కాదు. ఈ ఆట ఆడేవాళ్లలో చాలామంది అనుభవం కూడా అదే. వుడ్‌స్టాక్‌లో కారాపి, చలికి బయటికి దిగలేక లోపలే కూర్చుని పులిహోర డబ్బా ఖాళీ చేస్తున్నంతసేపూ నేను జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. హెబ్రాన్ దాటాక రాష్ట్రం మారింది, రోడ్డు నంబరు 120 అయింది, జవాబు మాత్రం తట్టలేదు.

ఊళ్లోకి రాగానే ముందు సెంటర్ స్ట్రీట్‌కి పోనిమ్మన్నాను. 330 నంబరు ఇల్లు. తెల్లటి చిన్న ఇల్లు, పక్కింటికీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు. గ్యారీ గైగాక్స్ కాపురమున్నదీ, డేవ్ ఆర్నెసన్‌తో కలిసి తయారుచేసిన ఈ ఆటని రాసిందీ ఇక్కడే. 1973లో స్నేహితుడు డాన్ కేతో కలిసి టీఎస్ఆర్ అనే కంపెనీ పెట్టి, మరుసటి ఏడాది మూడు సన్నపాటి పుస్తకాలున్న అట్టపెట్టెగా ఆటని అమ్మకానికి పెట్టారు. తొలి ముద్రణ 1000 ప్రతులు. మేం వెళ్లేసరికి అప్పటికే నలుగురైదుగురు అవతలి పేవ్‌మెంట్ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నడిచిపోయే దూరంలోనే హార్టికల్చరల్ హాల్ ఉంది. 1968లో గైగాక్స్ దాన్ని 50 డాలర్లకి అద్దెకి తీసుకుని యుద్ధపు ఆటలవాళ్లని పోగుచేశాడు. ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో జరిగే జెన్‌కాన్ అనే మహా తిరనాళ్లకి అదే తొలి ఏడు.

మా గొడవకి సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ మొదటి పెట్టెలో థీఫ్ లేడు. ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్, అంతే. 1974లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఏరో హాబీస్ అనే కొట్టు దగ్గర ఆడేవాళ్లకి థీఫ్ ఉంటే బావుంటుందని తోచింది. కొట్టు యజమాని గ్యారీ స్విట్జర్ ఫోను చేసి గైగాక్స్‌కి ఆ సంగతి చెప్పాడు. ఆయన దాన్ని తనకి నచ్చినట్టు మలిచి ముందు ఓ చిన్న పత్రికలో వేశాడు, 1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో ఎక్కించాడు. మరి అంతకుముందు పిల్లి అడుగులు ఎవరు వేశారు? అందరూ వేశారు. ఫైటరైనా సరే, బూట్లు విప్పి మెల్లగా వెళ్తున్నానంటే రిఫరీ వినేవాడు. థీఫ్ వచ్చి ఆ పనికి అంకెలు కట్టాక మిగతావాళ్లు అది తమ పని కాదనుకున్నారు. తలుపు తన్నుకుని వెళ్లడమే మిగిలింది. మా మేనల్లుడి లెక్కకి పునాది యాభై ఏళ్ల కిందట పడిందన్నమాట.

గైగాక్స్ 2008 మార్చిలో పోయాడు. అంత్యక్రియలకి వచ్చినవాళ్లు కూర్చుని ఆయన పేర ఆటలాడుకున్నారు. ఆ తర్వాతి ఏడు నుంచి అది గ్యారీకాన్ అనే ఏటేటా జరిగే వేడుకైంది. ఇప్పుడు ఊరి చివర గ్రాండ్ జెనీవా రిసార్ట్‌లో జరుగుతోంది. ఆ రిసార్టు మొదట ప్లేబాయ్ క్లబ్బు హోటలు, తెరిచింది కూడా 1968లోనే. ఒకే ఊళ్లో, ఒకే ఏడు, ఒకవైపు కుందేలు చెవుల అమ్మాయిలు, మరోవైపు సీసపు సైనికుల బొమ్మలతో యుద్ధాలాడుకునే కుర్రాళ్లు. ఆఖరికి భవనం ఎవరి చేతికొచ్చిందో చూడండి.

లోపల హాలు నిండా బల్లలు. నెరిసిన గడ్డాలు ఎక్కువే, పక్కనే పన్నెండేళ్ల పిల్లలు. పాచికలు గలగలమంటుంటే ఎదుటివాడి మాట వినడానికి ముందుకి వంగాలి. నా టికెట్టు 1981 నాటి పుస్తకాలతో ఆడే బల్లకి. రిఫరీ డెబ్భై దాటిన పెద్దాయన. కంప్యూటర్ లేదు, బొమ్మల్లేవు. ముందొక అట్ట తెర, పక్కన చెక్కిన పెన్సిళ్ల కట్ట. ఆరుగురం ఆటగాళ్లం. షీట్లు బోర్లించి పెట్టి తీసుకోమన్నారు. నేను అడిగి మరీ థీఫ్‌ని తీసుకున్నాను.

ఆ షీట్ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. మొదటి లెవెల్ థీఫ్. ప్రాణం మూడు పాయింట్లు; ఒక కత్తి దెబ్బ చాలు. ఒంటి మీద తోలు కవచం. చప్పుడు లేకుండా నడవడానికి 20 శాతం, నీడలో దాక్కోవడానికి 10 శాతం, తలుపు అవతలి శబ్దం వినడానికి ఆరింట రెండు. గోడలెక్కడం మాత్రం 87 శాతం. మా మేనల్లుడు నా భుజం మీదుగా చూసి "ఆల్ ది బెస్ట్ మావయ్యా" అని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ గొంతులో వెటకారం నాకు తెలుసు.

మేం దూరింది ఓ పాడుబడ్డ మఠం కింది నేలమాళిగ. లోపల బందిపోట్లు. మెట్లు దిగాక వంపు తిరిగే నడవా, వంపు అవతల దీపం వెలుగు. ఫైటర్ ఆడుతున్నావిడ "వెళ్లిపోదామా?" అంది. నేను ముందు చూసొస్తానన్నాను.

"ఎలా వెళ్తావు?" అన్నాడు రిఫరీ.

పాచిక అందుకోబోయాను. చెయ్యెత్తి ఆపాడు. "అది తర్వాత. ఎలా వెళ్తావో చెప్పు."

సరే, చెప్పాను. మా లాంతరు ఇక్కడే వదిలేస్తున్నాను, వాళ్ల వెలుగే నాకు దారి. బూట్లు విప్పి క్లెరిక్ చేతికిచ్చాను. నాణేల సంచి, తాళ్లు, గుణపం అన్నీ దించేశాను. నడవా మధ్యలో కాకుండా గోడ వారన, వంపు లోపలి వైపున నడుస్తాను. నడుముకి తాడు కట్టుకుంటాను, రెండో కొస ఫైటర్ చేతిలో ఉంటుంది. రెండుసార్లు లాగితే పరుగెత్తి రావాలి.

ఆయన తల పంకించి వంపుదాకా పాచికే వేయలేదు. మేజోళ్లతో రాతి నేల మీద నడిచేవాడికి, అవతల జనం కబుర్లాడుకుంటుంటే, పాచిక ఎందుకన్నాడు. వంపు తిరిగి, కాపలావాడికి పదడుగుల దూరంలో తలుపు సందులోంచి లోపలికి తొంగి చూస్తానన్నప్పుడు మాత్రం తెర వెనక తనే వేశాడు. నెగ్గామో లేదో థీఫ్‌కి తెలియకూడదన్నది పాత పద్ధతి. లోపల ఆరుగురు, ఇద్దరు తాగి పడుకున్నారు, బల్లకింద ఇనపపట్టీల పెట్టె, వెనకవైపు ఇంకో తలుపు. అంతా చూసి వెనక్కి తిరుగుతుండగా కాపలావాడు "ఎవరది?" అన్నాడు.

పాచిక ఓడింది. మావాడి లెక్క ప్రకారం నేను చచ్చిన పీనుగుని. కానీ ఆ రిఫరీ ఓటమిని పట్టుబడటంగా చదవలేదు. కాపలావాడికి చప్పుడు వినపడింది, అంతే. దీపం పట్టుకుని వస్తున్నాడు, ఏం చేస్తావు అన్నాడు. జేబులో మిగిలిన ఓ వెండి నాణెం నడవా చివర చీకట్లోకి దొర్లించాను. శత్రువు వెంట పడితే డబ్బు విసరొచ్చు. ఆశపడి ఆగే అవకాశం ఆరింట మూడు. ఆ పుస్తకంలోనే ఉన్న రూలు, జనం మర్చిపోతారు. నాలుగో అయిదో పడి ఉంటే ఏమయ్యేదో గానీ, రెండు పడింది. వాడు నాణెం కోసం వంగాడు, నేను తాడు పట్టుకుని బయటపడ్డాను.

ఆ తర్వాత గంటసేపు మేం కత్తి దూయలేదు. వెనక తలుపు సంగతి తెలిసింది కాబట్టి ముగ్గురు చుట్టూ తిరిగి అటు వెళ్లారు. ఇద్దరు మెట్ల దగ్గర నూనె పోసి నిప్పంటించి కేకలు పెట్టారు. మెలకువగా ఉన్నవాళ్లు అటు పరుగెత్తారు. పెట్టె ఇటు నడిచింది. 600 బంగారు నాణేలు. ఆ రూల్స్‌లో పది నాణేలు ఒక పౌను బరువు, అంటే మొత్తం 27 కిలోలు. ఆరుగురం పంచుకుని సంచుల్లో వేసుకుంటే అందరి నడకా మందగించింది. అయినా బయటపడ్డాం.

పాత రూల్స్‌లో బయటికి తెచ్చుకున్న ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు. ఆరుగురు బందిపోట్లనీ నరికితే వచ్చేవి తలకి పది చొప్పున 60. పెట్టెకి 600. రక్తపాతం కంటే దొంగతనానికి పదింతల కూలి. అలాంటి ఆటలో చప్పుడు చేయకుండా నడవడం పనికిరాదని ఎవరంటారు? తర్వాతి తరం పుస్తకాల్లో బంగారానికి పాయింట్లు పోయి, చంపినవాటికే ఎక్కువగా మిగిలాయి. చంపడానికే జీతమైనప్పుడు దాక్కునేవాడు పనికిమాలినవాడిలాగే కనిపిస్తాడు. స్టెల్త్ విలువని షీట్ మీది శాతం కంటే ముందు తేల్చేది ఈ లెక్క.

సాయంత్రం మావాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. వాళ్ల బల్లమీద రోగ్ ఆడినాయన ఒక్కడే కోట చూడ్డానికి వెళ్లాడట. ముప్పావు గంట. గదికో రోల్, మెట్టుకో రోల్. మిగతా నలుగురూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఆఖరికి వంటింట్లో పట్టుబడ్డాడు. "చెప్పానా?" అన్నాడు. పాపం ఆ రోగ్‌ది తప్పని నేననను. అన్నిసార్లు వేయిస్తే ఎంతటివాడైనా దొరుకుతాడు. ఆడినవాడికి సరదా, మిగతావాళ్లకి శిక్ష. ఒంటరి స్టెల్త్‌కి ఉన్న అసలు జబ్బు ఇదే.

అయితే మర్నాడు వాడే ఆడిన ఇంకో బల్ల సంగతి చెప్పితీరాలి. అదీ 2014లో వచ్చిన అయిదో ఎడిషనే. ఈసారి నేను పక్కన కూర్చుని చూశాను. ప్లేట్ ఆర్మర్ తొడుక్కున్న పాలడిన్ ఒకడున్నాడు. ఆ కవచంతో స్టెల్త్‌కి ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి తక్కువదే తీసుకోవాలి. కానీ డ్రూయిడ్ ఆడుతున్న అమ్మాయి పాస్ విదౌట్ ట్రేస్ అనే మంత్రం వేసింది. ముప్పై అడుగుల్లో ఉన్నవాళ్లందరికీ పది కలుస్తుంది. పైగా ఆ డీఎం గ్రూప్ చెక్ పెట్టాడు. అందరూ ఒకేసారి వేయాలి, సగం మందో అంతకు పైనో నెగ్గితే గుంపంతా నెగ్గినట్టే. తెలిసినవాడు తెలియనివాడి చెయ్యి పట్టుకుని నడిపించాడని అర్థం. మావాడి లెక్కే మళ్లీ వేసి చూశాం. మంత్రం లేకుండానే, అదే అయిదుగురు, అదే 60 శాతం. ఎనిమిది కూడా లేనిది 68 అయింది. రూలు పుస్తకంలో ఎప్పట్నుంచో ఉంది. వాడి గ్రూపులో ఎవరూ వాడలేదు, అంతే. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రాత్రి ఖాళీ బల్లల దగ్గర ఎవరో బ్లేడ్స్ ఇన్ ది డార్క్ ఆడిస్తుంటే నిలబడి చూశాం. దొంగల ముఠాల గురించే రాసిన ఆట అది. గుంపుగా నక్కి వెళ్లేటప్పుడు అందరూ వేస్తారు, అందరిలోకీ మంచి ఫలితం గుంపుకి దక్కుతుంది. ఓడిన ఒక్కో రోల్‌కీ ముందు నడిచేవాడు ఒక పాయింటు ఒత్తిడి భరిస్తాడు. వెనకాల ఎవడైనా రాయి తన్నితే గుండె ఆగేది నాయకుడికి. నాకు బాగా నచ్చింది.

తిరుగు దారిలో మావాడు కొత్త వాదన ఎత్తుకున్నాడు. "సరే, వెళ్లొచ్చావనుకో. ఏం సాధించినట్టు? ఎప్పటికైనా యుద్ధం తప్పదు కదా!"

సుందరకాండ గుర్తు చేశాను. సముద్రం దాటినవాడు ఊళ్లోకి వెళ్లడానికి పొద్దుగూకేదాకా ఆగాడు. ఒళ్లు పిల్లంత చేసుకున్నాడు. అయినా వాకిట్లోనే లంకిణికి దొరికాడు. దొరికినా పని ఆగలేదు. సీతని చూశాక వెంటనే దిగలేదు, కొమ్మల చాటున కూర్చుని ఎవరెవరున్నారో గమనించాడు, ఆవిడ బెదిరిపోకుండా మెల్లగా రాముడి కథ ఎత్తుకున్నాడు. మాట తీసుకున్నాక, ఇక దాక్కోనక్కర్లేదని తనే నిర్ణయించుకుని తోట పీకి, శత్రువు బలమెంతో కూడా తేల్చుకున్నాడు. ఆ తర్వాత జరిగిన యుద్ధం ఆయన తెచ్చిన కబురు మీదే నడిచింది.

"ఆయనకి పాచికలు లేవుగా మావయ్యా" అన్నాడు.

అదీ నిజమే. కానీ వాడు వచ్చే నెల తన గ్రూపులో డ్రూయిడ్ ఆడతానంటున్నాడు, మొదటి మంత్రం ఏది తీసుకుంటాడో నాకు తెలుసు.

ఈ ఆట కొత్తగా మొదలుపెట్టేవాళ్లు థీఫ్‌నో రోగ్‌నో తీసుకోవాలనిపిస్తే మొహమాటం లేకుండా తీసుకోండి. కాకపోతే షీట్ నింపే ముందే ఆట నడిపేవాళ్లని ఒక్క మాట అడగండి. వాకిలి నుంచి పెట్టెదాకా పాచిక ఒక్కసారే వేయిస్తారా, గది గదికీ వేయిస్తారా అని. గది గదికీ అంటే మాత్రం ఫైటర్‌ని తీసుకోండి.